జడ వేసిన ప్రత్యర్థి

ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. తెర కింద అక్షరాలు నేను కూడబలుక్కునేలోపే అక్కడ మనిషి చచ్చి, దినాలు కూడా అయిపోతాయి. అందుకని ఆదివారాలు మా అమ్మాయే పక్కన కూర్చుని ఆ జపాన్ బొమ్మల సీరియల్ నాకు చదివి వినిపిస్తుంది. తను రెండు జడలతో తిరిగేనాడు మొదలైన కథ. ఇప్పుడు తను బేగంపేటలో ఉద్యోగం చేస్తోంది, అది మాత్రం ఇంకా అయిపోలేదు. మొన్న వానలో మౌలాలి గుట్ట మాయమైపోయిన మధ్యాహ్నం చూద్దును కదా, హీరోకి బద్ధశత్రువైన ఆ తెల్లజుట్టువాడు చాప మీద కూర్చుని హీరో కూతురికి జడ వేస్తున్నాడు! చేతిలో చాయ్ అలాగే ఉండిపోయింది.

మొదట్లో వాడి దర్జాయే వేరు. హీరోను ఏట్లోకి తోసేసి, వెనక్కయినా చూడకుండా నడిచిపోయేవాడు. మధ్యలో కొన్నేళ్లు కథలోనే లేడు. "వీణ్ణి ఖరాబ్ చేసిండ్రు బిడ్డా" అన్నాను. "ఒక్కసారే మారలే డాడీ. హీరో సోయి లేక పడున్నప్పుడు తలుపుకాడ కావలి కూసున్నది ఎవరు? నువ్వు కొట్లాటలొచ్చినప్పుడే కండ్లు తెరుస్తవ్" అంది.

ఆ తెల్లజుట్టువాణ్ణి చూస్తే నాకెప్పుడూ మా బామ్మర్దే గుర్తొస్తాడు. వీధికి ఇటు మా ఇల్లు, దాని ముందే నా కూరగాయల దుకాణం, అటు వాడిది. బోయిన్‌పల్లి మార్కెట్లో పొద్దున్నే మంచు, కొత్తిమీర వాసన, అందులోంచి వేలం పాట కలలోలా తేలివచ్చేది. సరుకు చూసే అలవాటు నాకు లేదు. వాడు చెయ్యెత్తితే నేనూ ఎత్తేవాణ్ణి. ఒకరోజు వాడు చటుక్కున చెయ్యి దించేశాడు. బండెడు మెత్తబడ్డ టమాటా నాకు మిగిలింది. "ముబారక్ బావా" అన్నాడు. ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో టమాటా పప్పు, టమాటా పచ్చడి, మా ఆవిడ మౌనం. ఆ ముబారక్‌కే నేను వాడితో మాట మానేశాను.

తర్వాత మా ఆవిడకు ఆపరేషన్ అయింది. ఒక పొద్దున ఆస్పత్రి నుంచి ఇంటికొస్తే, గడపలో బామ్మర్ది! మోకాళ్ల మధ్య నా కూతురు, పళ్ల మధ్య రిబ్బను. ఒక జడ చెవి మీద, ఇంకోటి మెడ మీద. అవతల వాడి దుకాణం ఇంకా మూసే ఉంది. నన్ను చూసి, ముడి బిగించి, లేచి వెళ్లిపోయాడు. నేను పిలవలేదు.

తెర మీద జడ పూర్తయింది. మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి, "మామ దుకాణం ఎత్తేసి మేడ్చల్ దిక్కు పోతుండట. నీకు తెల్వదా?" అంది.

గొడుగు వెతకడం కూడా గుర్తుకు రాలేదు. ఆ వీధి ఒక ఆటో పట్టేంత వెడల్పు. దాన్ని దాటడానికి నాకు ఆ సీరియల్ అంత కాలం పట్టింది.

వాడు గంపలోని పాలకూర కట్టల మీద నీళ్లు చల్లుతున్నాడు. జుట్టు తెల్లబడింది. "ఏందిరా, పోతున్నవట? నా కథల విలన్‌వే నువ్వు. నువ్వు లేకుంటే నేనెవర్ని జూసి చెయ్యెత్తాలె?" అన్నాను.

తల ఎత్తలేదు. "నా కథల విలన్ ఎవరనుకున్నవ్ బావా? ఇన్నేండ్ల సంది జూస్తున్న, ఎప్పుడు మారుతవో అని. లోపలికి రా, తడుస్తున్నవ్."