వరండాలో ఆదితాళం

అరసవల్లి స్వామి మీద ఒట్టేసి చెబుతున్నాను... ఇది జరిగింది. ఆయన పేరే నాకు పెట్టారు, సూరిబాబు అని. ఆయన మీద అబద్ధపు ఒట్టేస్తే కళ్ళు పోతాయంటారు మా వైపు. నా కళ్ళు ఇంకా ఉన్నాయి. నమ్మితే నమ్మండి, లేకపోతే టీ తాగి వెళ్ళి పడుకోండి.

మా అన్నయ్య మృదంగం మాస్టారు. చీపురుపల్లిలో, ఇంటి ముందు గదిలోనే పిల్లలకి పాఠం చెప్పేవాడు. నాకూ చెప్పాడు, పదేళ్ళు. నాకు రాలేదు. చేతులాడతాయి గానీ కాలం నిలవదు. ముందుకి పరిగెట్టేస్తాను. "ఒరే సూరీ, పరిగెట్టకురా. ఎనకాల ఎవలైనా తరుముతన్నారేటి?" అనేవాడు. ఆఖరికి మృదంగం వదిలేసి గరివిడిలో ఫ్యాక్టరీ పనిలో చేరాను. "పోన్లే, అక్కడ సైరన్ కొట్టేదాకా ఆగాలి కదా" అని నవ్వాడు.

పోయిన కార్తీకంలో ఒక సాయంత్రం... పాఠం మధ్యలో తల పట్టుకుని పక్కకి ఒరిగిపోయాడు. విజయనగరంలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళాం. పేరు చెప్పను. తలలో నరం చిట్లి రక్తం చేరిందన్నారు. ఐసీయూలో వేశారు. ముక్కులో గొట్టం, నోట్లో గొట్టం. అద్దం ఇవతల మేమిద్దరం, నేనూ వదినా.

రాత్రి రెండు దాటాక డాక్టరుగారు నన్ను పిలిచారు. చిన్నవాడే, ఓపికగా చెప్పాడు. "మెదడులో కణాలు దెబ్బతింటే వాటిలో ఉండే ఒక పదార్థం రక్తంలోకి వచ్చేస్తుంది. అది ఎంత ఎక్కువుంటే అంత కష్టం. ఎంత ఉందో చూస్తే మనిషి బయటపడతాడా లేదా అన్నది కొంత తెలుస్తుంది. అదొక్కటే చూసి చెప్పం, స్కాన్‌తో కలిపి చూస్తాం." ఆ చివరి మాట నాకు ఎక్కలేదు. ఒక నెంబరు వస్తుంది... అదే మా అన్నయ్య ప్రాణం. బుర్రలో అంతే పడింది.

ల్యాబేమో ఆస్పత్రి వెనక పాత బిల్డింగులో ఉంది. ఆ రాత్రి పట్టుకెళ్ళే మనిషి లేడు. మన వైపు సంగతి తెలుసుగా, రక్తం గొట్టం మన చేతికే ఇచ్చేస్తారు. నర్సమ్మ నా అరచేతిలో పెట్టింది. "ఊపకండి బాబూ. ఎర్రకణాల్లోనూ ఆ సరుకే ఉంటాది. కుదిపితే అవి పగిలి నెంబరు ఎక్కువ సూపిస్తాది. మెల్లగా నడండి."

గొట్టం వెచ్చగా ఉంది. అన్నయ్య చెయ్యి పట్టుకున్నట్టే ఉంది. ఏడుపొచ్చింది నాకు.

పొడుగాటి వరండా. ఒకటే ట్యూబులైటు, అదీ వెలుగుతూ ఆరుతూ. మనిషన్నవాడు లేడు. నా చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. మెల్లగానే నడుస్తున్నాను, ఒట్టు. సగం దూరం వెళ్ళాను.

వెనకాల... ఒక దెబ్బ.

తొడ మీద అరచేత్తో వేసిన దెబ్బ. ఆగిపోయాను.

మూడు వేళ్ళు లెక్కపెట్టేంత నిశ్శబ్దం... మళ్ళీ దెబ్బ. చెయ్యి తిప్పేంత ఖాళీ... దెబ్బ... మళ్ళీ ఖాళీ.

ఆదితాళం. బాగా నెమ్మది కాలంలో, కొత్త పిల్లలకి నేర్పేటప్పుడు వేస్తారే, అలా. అన్నయ్య అరచెయ్యి కాస్త గుంటగా ఉంటుంది. దెబ్బ పొడిగా పడదు, బోలుగా పడుతుంది. పదేళ్ళు విన్న చెయ్యి నాకు తెలీదా?

తిరిగి చూశాను. ఎవరూ లేరు. కానీ వాసన... తడి బొంబాయి రవ్వ వాసన. మృదంగం ఎడమ మూతికి ముద్ద చేసి పూస్తారు చూడండి, అది. ఆస్పత్రి వరండాలో, రాత్రి రెండున్నరకి.

మళ్ళీ దెబ్బ. ఈసారి దగ్గరగా. చెవి పక్కనే ఎవరో ఊపిరి తీసినట్టు... "పరిగెట్టకురా."

మాట నిజంగా విన్నానో, చిన్నప్పటి నుంచీ విన్నది నాలోంచే వచ్చిందో... ఇప్పటికీ చెప్పలేను.

పరిగెట్టాను.

గొట్టం పిడికిట్లో బిగించి, చేతులూపుకుంటూ, ఒక చెప్పు ఊడిపోయినా ఆగకుండా ల్యాబు తలుపు మీద పడ్డాను.

ల్యాబులో పెద్దాయన ఒకడున్నాడు. గొట్టాన్ని మిషన్లో గిర్రున తిప్పి తీసి లైటుకి పెట్టి చూశాడు. పైన తేరిన నీరు పసుప్పచ్చగా ఉండాలట. గులాబీ రంగులో ఉంది. నా వైపు చూశాడు, నా కాళ్ళ వైపు చూశాడు.

"పరిగెట్టేరేటి బాబూ?"

"లేదండి," అన్నాను. ఏమని చెప్పను? ఐసీయూలో ఉన్న మా అన్నయ్య నా వెనకాలొచ్చి తాళం వేశాడని చెప్పనా?

"మరోపాలి తీయించుకొస్తారేటి? పావుగంట పని."

వరండా వైపు చూశాను. లైటు ఆరింది... వెలిగింది.

"వద్దండి. దీనికే చేసెయ్యండి."

పిరికివాడిని. ఇంకేం మాట లేదు దానికి.

నెంబరు చాలా ఎక్కువొచ్చింది. కాగితం కింద ఆయన ఇంగ్లీషులో సన్నగా ఏదో రాసిచ్చాడు, రక్తం కుదిపారనే కాబోలు. డాక్టరుగారు అది చూశారో లేదో నాకు తెలీదు. నేను మాత్రం చూపించలేదు.

తెల్లారాక డాక్టరుగారు చెప్పారు, ఆశ తక్కువని, స్కాన్ కూడా బాగాలేదని. ఆస్పత్రిలో ఉంచమంటే ఉంచుతామన్నారు. వదిన ఆయన్ని చూడలేదు, నన్ను చూసింది.

"సూరీ, ఆ నెంబరు నిజమేనా?"

అప్పుడైనా చెప్పాల్సింది.

"నిజమే వదినా."

"అయితే ఇంటికి తీసుకుపోదుం. పాఠం సెప్పిన గదిలోనే పోనీ."

ఆ గది దాకా కూడా రాలేదు. గరివిడి దాటాక అంబులెన్సులోనే అన్నయ్య ఊపిరి ఆగిపోయింది. నా చెయ్యి ఆయన చేతి మీదే ఉంది. వెచ్చగానే ఉంది ఆ చెయ్యి, చాలాసేపు.

పన్నెండో రోజు అయ్యాక చుట్టాలందరూ వెళ్ళిపోయారు. వదిన మృదంగం తుడుస్తోంది. తలెత్తకుండా అంది, "నువ్వు రగతం పట్టుకెళ్ళినప్పుడు నాను అద్దంలోంచి సూస్తన్నాను సూరీ. మీ అన్నయ్య కుడిసెయ్యి కదిలినాది. దుప్పటి మీద దెబ్బేసినట్టు... తరవాత సేతి ఏళ్ళు లెక్కెట్టినట్టు. నర్సమ్మని పిలిసేసరికి ఆగిపోనాది. డాక్టరుకి సెప్పుదామనుకున్నాను. ఇంతలో ఆ నెంబరు వచ్చినాది. నా బ్రమ కాబోలని ఊరుకున్నాను."

గుడ్డ పక్కన పెట్టి నన్ను చూసింది. "బ్రమేనంటావా?"

ఆ గుడ్డ తీసుకుని నేనే మృదంగం తుడవసాగాను.

"భ్రమే వదినా," అన్నాను.

మంచం మీదున్న మనిషి వరండాలో తాళమెలా వేస్తాడు? ఆ చప్పుడు నా భయమే కావచ్చు. కుదపకపోయినా ఆ నెంబరు అలాగే వచ్చేదేమో. అన్నయ్య ఎలాగూ పోయేవాడేమో. ఇవన్నీ రోజూ నాకు నేనే చెప్పుకుంటాను. మీరూ చెప్పండి, వింటాను. ఆ రాత్రి విన్నదేంటో నాకైతే తెలీదు.

ఇప్పుడు నైట్ డ్యూటీ దిగాక బండెక్కను. ఫ్యాక్టరీ గోడ పక్కనే చీకట్లో నడుస్తాను. మెల్లగా... చాలా మెల్లగా. వెనకాల మళ్ళీ వినబడుతుందేమోనని.

ఒక్కసారి కూడా వినబడలేదు.