సగం పుస్తకంలో రోమ్

మొన్న నారాయణగూడలో బంధువుల పెళ్లికి వెళితే, ఫంక్షన్ హాలు గుమ్మానికి అటూ ఇటూ రోమన్ స్తంభాలు, వాటి మీద కమాను. సుల్తాన్ బజార్ గుడ్డల కొట్టులో పెరిగిన చెయ్యి ఊరుకోదు కదా, వేలితో కొట్టి చూశాను, థర్మోకోల్. నవ్వొచ్చింది, వెంటనే అశోక్‌నగర్ గది గుర్తొచ్చింది.

2011లో, మా ఈడువాళ్లు చాలామంది లాగే నేనూ సర్కారు కొలువు కోసం చదువుతూ, కొట్టు గోల పడలేక అక్కడ కిరాయికి దిగాను. గదిలో తోడు, పల్లె నుంచి వచ్చిన ఒక అన్న. ఒకరోజు చిక్కడపల్లి ఫుట్‌పాత్ మీద రోమన్ శిల్పాలు, కట్టడాల బొమ్మల పుస్తకం కనిపిస్తే మా నాన్న నేర్పిన విద్య ప్రయోగించాను: బేరం కుదరకపోతే వదిలేసి నాలుగడుగులు వెయ్యాలి, అమ్మేవాళ్లే వెనక్కి పిలుస్తారు. పిలిచాడు. గర్వంగా గదికి తెస్తే అన్న అడిగాడు: "సిలబస్‌ల రోమ్ ఏడున్నది తమ్మీ?"

లేదు. అయినా ఇద్దరం దానికే అతుక్కుపోయాం. ఒకేసారి చూడాలని నడుమకు చీల్చి, కమానులూ నీటి వంతెనలూ ఒక సగం, గుమ్మటాలూ విగ్రహాలూ ఇంకో సగం చేసి, సాయంత్రం చాయ్ దగ్గర మార్చుకునేవాళ్లం. సున్నం లేకుండా ఆ రాళ్లు ఎలా నిలిచాయని నేను అబ్బురపడితే, అన్న మేస్త్రీ కొడుకు కదా, "ఒకదాన్నొకటి నెట్టుకుంటనే నిలవడ్డయి" అనేవాడు.

ఒకనాడు కిటికీ పక్క చోటు నాకే కావాలని పేచీ పెట్టాను. వంతులు వేసుకుందామన్నాడు అన్న. వేరే గది చూసుకుంటానని పెట్టె సర్ది, ఈ సగం కోసమైనా వెనక్కి పిలవకపోతాడా అని కమానుల సగం అందులో వేసుకున్నాను. అన్న ఎదుటివాళ్ల మాటను అన్నట్టే నమ్మే మనిషి; మెట్ల మీద నేను అడుగులు లెక్కపెడుతుంటే వెనకే వచ్చి, "బరువున్నది, ఇటియ్యి తమ్మీ. ఆడ నీకు మంచిగుంటే చాలు" అని పెట్టెను ఆటో దాకా మోశాడు. ఉంటానని ఒక్క మాట అనాల్సింది. ముందు దిగొచ్చినవాడే ఓడినట్టని పెరిగినవాణ్ణి, అనలేదు.

కవాడిగూడలో కిటికీ నాదే, గదంతా నాదే. సాయంత్రాలు ఆ సగాన్నే తిరగేసేవాణ్ణి; గుమ్మటం గురించిన వాక్యం మధ్యలోనే పుట అయిపోయేది. రెండు నెలలకు సిగ్గు విడిచి వెళితే, అన్న ఖాళీ చేసి పోయాడన్నారు. నంబరు కలవలేదు.

ఇప్పుడు అన్నీ ఫోనులోనే కొంటున్నాం. ధర నచ్చకపోతే నడిచిపోవడానికి వీధీ లేదు, వెనక్కి పిలిచే గొంతూ లేదు. పెళ్లి నుంచి వస్తూ, గుమ్మం దాటిన నాలుగో అడుగు దగ్గర అలవాటుగా నెమ్మదించాను. వెనక ఆటోల హారన్లే వినిపించాయి.