పంది పలకదు

అడవిపంది అంటే మా కోనరావుపేట వైపు అప్పట్లో ముసలివాళ్ల ముచ్చటే. మా పొరుగు రైతు మక్కజొన్న చేనులో ఏదో పడి కంకులు నమిలి పోతోందంటే, ఎవరో ఊరపందిని వదిలేశారని అందరం నవ్వాం. ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. నీళ్లు కట్టడానికి వెళ్లిన ఆ రైతు తొడను అది కోరతో చీల్చింది. తెలంగాణ కోసం బస్సులన్నీ ఆగిపోయిన రోజులు. ఆయనను మోటారుబండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని సిరిసిల్ల దవాఖానకు తీసుకుపోయాం. రాస్తారోకోలో కూర్చున్నవాళ్లే లేచి, రాళ్లు జరిపి దారి ఇచ్చారు.

పందిని కొట్టడం మాలో ఒక్కరికీ రాదు. చందుర్తి నుంచి మా మేనమామను పిలిపించాం. కల్లు గీసే మనిషి, వయసులో ఉన్నప్పుడు ఎక్కడెక్కడో వేటకు తిరిగినవాడు. చేను చుట్టూ ముళ్లకంప వేయించి, రోడ్డు వైపు ఒక్క గండి వదిలాడు. అటు చివర డప్పులు, ఇటు గండి దగ్గర బరిసెతో నేను. నేనే ఎందుకంటే, ముందురోజు కల్లు తాగుతూ అందరికంటే ఎక్కువ మాట్లాడింది నేనే. నా నోరే నాకు శత్రువు.

"అల్లుడా, నోరు మెదిపినవంటే అది నీ మీదికే అస్తది. సప్పుడు జేయకు. ముందటి కర్రలు ఊగంగనే పొడువు," అన్నాడు మామ.

బారెడు పొద్దెక్కాక డప్పులు మొదలయ్యాయి. అరచేతులు చెమట పట్టి బరిసె జారుతోంది. నిజం చెప్పాలంటే పారిపోదామనే అనిపించింది.

చేను నడుమ మక్కకర్రలు ఊగాయి. ఆ కదలిక నా వైపే వస్తోంది. బరిసె ఎత్తాను. అంతలో మా బావి దిక్కు నుంచి మరో కదలిక. పంది ఒక్కటే అన్నాడు మామ. అయితే రెండోది ఏమిటి?

అప్పుడు తట్టింది. ఆ రోజుల్లో మా ఊళ్లో డప్పు మోగిందంటే ఒకటే అర్థం: ర్యాలీ బయలుదేరింది, పనులు వదిలి రోడ్డు మీదికి రండి. ఇది పంది కోసం కొట్టే డప్పని ఊరికి చెప్పాలన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. అమ్మ పొద్దున్నే బావి దగ్గర గడ్డి కోయడానికి పోయింది. ఒక్క ర్యాలీ కూడా తప్పని మనిషి. అక్కడినుంచి రోడ్డుకు అడ్డదారి ఈ చేనే. కంప అడ్డుంటే కొడవలితో పక్కకు లాగి మరీ దూరుతుంది.

మామ మాట గట్టు మీద పెట్టి "ఎవలది?" అని కేక వేశాను. రెండు కదలికలూ ఆగిపోయాయి. జవాబు లేదు. పరాయి చేనులో పడి నడిచేవాళ్లు అలా అడిగితే పలుకుతారా? పైగా ఆ చేనువాళ్లతో అమ్మకు చేని హద్దు గురించి గెట్టు తగాదా. ఊపిరి కూడా బిగబట్టి ఉంటుంది. అమ్మే కాకపోవచ్చు కూడా. బావుల దగ్గర ఎందరో ఆడవాళ్లు ఉంటారు.

ఒక కదలిక మళ్లీ మొదలైంది, నాకు బాగా దగ్గరగా. పొడిస్తే, అది మనిషైతే? ఆగితే, అది పందైతే? అప్పుడేం తోచిందో, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాను.

"జై తెలంగాణ!"

"జై జై తెలంగాణ!"

నా బరిసె మొన గురిపెట్టిన చోటినుంచే వచ్చింది ఆ గొంతు. అమ్మ గొంతు.

బరిసె కింద పడిపోయింది. అవతలి కదలికలోంచి నల్లటి పంది దూసుకొచ్చి, నా మోకాలిని రాసుకుంటూ గండి దాటి పోయింది. దాని ముతక వెంట్రుకల గరుకు ఇప్పటికీ గుర్తుంది.

అమ్మ కొడవలితో బయటికి వచ్చింది. "ఏందిరా, డప్పులేమో మోగవట్టె, రోడ్డు మీద ఒక్కలు లేకపాయె. ర్యాలీ ఏడిదాక వోయింది?"

నేను ఏడ్చేశాను. ఆమెకు ఎందుకో అర్థం కాలేదు.

"పందిని ముందట వెట్టుకొని నినాదాలిస్తవారా?" అని మామ తిట్టాడు. ఊరు చాలాకాలం అదే మాటతో ఆడుకుంది. పంది మళ్లీ కనబడలేదు.

తెలంగాణ వచ్చిన రోజు ఊరంతా అదే నినాదం అరిచింది. నేను మాత్రం అమ్మ కొంగు పట్టుకుని, ఆమె పలికేదాకా ఆగాను.