ముప్పై రెండో నంబరు

లోర్నా హ్రుష్కా ఆ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆటగాళ్ల బట్టలు ఉతుకుతోంది. కాగితాల మీద ఆ ఉద్యోగానికి ఏదో బారెడు పేరుంది గానీ, ఊళ్లో ఎవర్నడిగినా ఉతికే లోర్నా అనే అంటారు. ఆవిడా అలాగే చెప్పుకుంటుంది. జిమ్ కింద మెట్లు దిగితే ఎడం పక్క గది ఆవిడది. రెండు ఉతికే మిషన్లు, రెండు డ్రయ్యర్లు, ఒక పొడుగాటి బల్ల, గోడకి వరసగా కొక్కేలు. ఫుట్‌బాల్ కుర్రాళ్ల బట్టలూ ఆవిడే ఉతుకుతుంది, కాని వాళ్ల మీద పెద్ద ప్రేమేం లేదు. "వాళ్లకేం, నెబ్రాస్కా రాష్ట్రమంతా వాళ్ల వెనకాలే ఉంది. ఈ పిల్లలకి నేనున్నాను," అంటుంది ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు గురించి.

నెత్తురు మరకైతే చన్నీళ్లు, గడ్డి మరకైతే వెనిగర్, ఎవరికి ఏ సబ్బు పడదు, ఎవరి సాక్సు ఎడమది త్వరగా చిరుగుతుంది, అన్నీ ఆవిడకి నోటికొచ్చు. జెర్సీ ఎంత తడిసి వచ్చిందో పట్టుకు చూసి ఆ పిల్ల ఎంత ఆడిందో చెప్పేస్తుంది. ఇప్పుడు కోచ్‌గా ఉన్న డయాన్ ప్రూట్ కూడా ఒకప్పుడు అక్కడ పదకొండో నంబరు పిల్లే. ఆవిడ జెర్సీ కూడా లోర్నా చేతుల మీదుగానే పోయింది. అందుకే ఇద్దరి మధ్యా మీరూ గీరూ లేవు.

ఉతకడంతో పాటు ఇంకో పని కూడా ఆవిడ మీద పడింది. సొంతూళ్లో ఆట ఉన్నరోజు, ఎవరెవరు బరిలో దిగొచ్చో పేర్లూ నంబర్లూ రాసి, మొదలవడానికి పది నిమిషాల ముందు స్కోరు బల్ల దగ్గర ఇవ్వాలి. అందులో లేని పిల్ల ఆటలో కాలు పెడితే అవతలి జట్టుకి రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డుపడకుండా బుట్టలోకి వేసే బంతులు, ఊరికే పోతాయి. ఆ పని అసలు అసిస్టెంటు కోచ్‌ది. పద్దెనిమిదేళ్ల కిందట ఒక మహానుభావుడు పన్నెండుని ఇరవై ఒకటిగా రాసి తలవంపులు తెచ్చాక, అప్పటి కోచ్ ఆ కాగితం తెచ్చి లోర్నా చేతిలో పెట్టాడు. నంబర్లు నీకు తెలిసినంత మాకెవరికీ తెలీవు అన్నాడు.

లోర్నాకి దానికో పద్ధతుంది. ఆట రోజు పొద్దున్న జెర్సీలన్నీ డ్రయ్యర్లో ఒకసారి తిప్పుతుంది, పిల్లలు వేసుకునేటప్పుడు వెచ్చగా ఉండాలని. ఒక్కోటి తీసి బల్ల మీద మడత పెడుతూ, చేతిలో ఉన్న నంబరు కాగితం మీద రాస్తుంది. జెర్సీ చేతిలో ఉంటే పిల్ల ఆటలో ఉన్నట్టే. పద్దెనిమిదేళ్లలో ఒక్క తప్పు లేదు. ఆ సంగతి ఆవిడ గర్వంగానే చెప్పుకునేది. కోచ్ ఆ కాగితాన్ని చదవడం కూడా మానేసి కింద సంతకం గిలికి ఇచ్చేది.

ఆ ఏడు ఫిబ్రవరి ఆఖరికి జట్టు ఎనిమిదో స్థానం కోసం కొట్టుకులాడుతోంది. శనివారం మధ్యాహ్నం సొంతూళ్లో ఆఖరి ఆట. గెలిస్తే పై పోటీలకి వెళ్తారు, ఓడితే ఆ ఏటికి అక్కడితో సరి. ఆఖరి ఆట అంటే చదువు ముగుస్తున్న పిల్లలకి సన్మానం కూడా. అమ్మానాన్నలొస్తారు, పువ్వులిస్తారు, పేరు పిలిచి చప్పట్లు కొడతారు. ఆ రోజు నాలుగో ఏటి పిల్ల ఒక్క క్షణమైనా ఆటలో దిగకుండా ఇంటికి పోకూడదని ఆ జట్టులో ఆచారం.

మారెన్ ట్వెట్‌కి ఆ ఒక్క క్షణమే మిగిలింది. మొదటి ఏడు కూర్చోబెట్టారు. రెండో ఏడు కుడి మోకాలు, మూడో ఏడు ఎడమ మోకాలు. నాలుగో ఏడంతా మామూలు బట్టల్లో బెంచీ మీద కూర్చుని నీళ్ల సీసాలు అందించింది. ఫిబ్రవరిలో డాక్టర్ సరే అన్నాడు. గురువారం నాడు కోచ్ కిందికొచ్చి, "లోర్నా, శనివారం మారెన్ కూడా జెర్సీ వేసుకుంటుంది. ముప్పై రెండు బయటికి తియ్యి," అంది.

లోర్నా సంతోషంగా తీసింది. నవంబరు నుంచి కొక్కేనికి వేలాడుతున్న జెర్సీని దులిపి, ఆవిరి పట్టి, ముడతలు తీసి, స్వయంగా పైకి తీసుకెళ్లి మారెన్ లాకర్లో తగిలించింది. నా బంగారు తల్లి, ఆఖరికి వేసుకుంటోంది అనుకుంది. శనివారం పొద్దున్న ఎప్పటిలాగే మిగతా జెర్సీలు డ్రయ్యర్లో తిప్పి, మడత పెడుతూ పేర్లు రాసింది. పదమూడు జెర్సీలు, పదమూడు పేర్లు. కోచ్ పువ్వుల హడావిడిలో ఉండి మెట్ల మీదే సంతకం పెట్టేసింది.

మారెన్ వాళ్ల నాన్న ఆల్వన్ ఉత్తర డకోటా నుంచి తొమ్మిది గంటలు బండి నడుపుకుంటూ వచ్చాడు. ఆవులు ఈనే రోజులు, పక్కింటాయన్ని బతిమాలి అప్పజెప్పి వచ్చాడట. కూతురి పేరు పిలిచినప్పుడు పువ్వు ఎక్కడ పెట్టాలో తెలీక టోపీలో పెట్టుకున్నాడు. జనం నవ్వారు, ఆయనా నవ్వాడు.

మూడో భాగంలో మనవాళ్లు తొమ్మిది పాయింట్లు ముందున్నారు. కోచ్ బెంచీ చివరికి చూసి, "మారెన్, పో," అంది. జిమ్ అంతా లేచి నిలబడింది. బెంచీ వెనకాల తువ్వాళ్ల దగ్గర కూర్చున్న లోర్నా కూడా లేచి చప్పట్లు కొట్టింది. మారెన్ లోపలికి పరిగెత్తింది, ఒక్కసారి బంతి అందుకుని పక్క పిల్లకి ఇచ్చింది. అంతలో స్కోరు బల్ల దగ్గర హారన్ మోగింది.

స్కోరు పుస్తకం రాసే ఎవరెట్ ముసలాయన, ఆ కాలేజీలోనే లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, నంబరు వెతుక్కుని వెతుక్కుని రిఫరీని పిలిచాడు. సొంత జట్టుకి వ్యతిరేకంగా హారన్ నొక్కాల్సి వచ్చినందుకు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ముప్పై రెండు కాగితంలో లేదు.

లోర్నాకి అర్థం కావడానికి అర నిమిషం కూడా పట్టలేదు. చప్పట్లు కొట్టిన చేతులు అలాగే ఉండిపోయాయి. ముప్పై రెండు డ్రయ్యర్లోకి పోలేదు, బల్ల మీదికి రాలేదు. తన చేత్తో ఆవిరి పట్టి, తన చేత్తో లాకర్లో తగిలించి, తన చేత్తోనే ఆ పిల్లని వదిలేసింది. కోచ్ బల్ల దగ్గరికెళ్లి కాగితం చూసి, కింద తన సంతకం చూసి, రిఫరీకి తల ఊపి వచ్చేసింది. ఏడు సెకన్లు ఆడిన మారెన్ వచ్చి బెంచీలో కూర్చుంది. అవతలి పిల్ల రెండు త్రోలూ వేసేసింది. అక్కడి నుంచి మనవాళ్ల ఆట చెడింది. చివరికి అరవై రెండు, అరవై ఒకటి. ఒక్క పాయింటుతో ఓడారు.

ఆట అయ్యాక మెట్ల దగ్గర కోచ్ లోర్నా భుజం మీద చెయ్యేసి, "కాగితం నేను చదవాల్సింది. సంతకం నాది, మాట పడాల్సిందీ నేనే. నువ్వు మాట్లాడకు," అంది. లోర్నా ఆ మాట కోసమే కాచుకున్నట్టు నోరు మూసుకుంది.

మాసిన బట్టల బండి తోసుకుంటూ లాకర్ల గది గుమ్మం దాకా వెళ్లేసరికి లోపల బ్రిన్ కెస్లర్ గొంతు వినిపించింది. జట్టులో ఎక్కువ పాయింట్లు చేసే పిల్ల, నోటికి అదుపు తక్కువ.

"ఏడు సెకన్ల ముచ్చట కోసం ఏడాదంతా తగలేశాం."

మారెన్, "నన్ను దింపొద్దని కోచ్‌తో చెప్పాల్సింది. సారీ. నా పేరు ఉందో లేదో నేనైనా చూసుకోవాల్సింది. అందరికీ సారీ," అంది.

లోర్నా గుమ్మంలోనే ఉంది. ఒక్క అడుగు, ఒక్క మాట. తేలు కుట్టిన దొంగలా బండి వెనక్కి తిప్పుకుని పోయింది.

అంతటితో అయిపోయినా బాగుండేది. బయట కారిడార్‌లో ఆల్వన్ టోపీ తీసి చేతిలో పట్టుకుని ఎదురొచ్చాడు. "లోర్నా అంటే మీరేగా? మా పిల్ల ఫోన్‌లో మీ గురించే చెబుతుంటుంది. మోకాలి ఆపరేషన్ అయినప్పుడు దుప్పట్లు ఉతికి పెట్టారట. నాలుగేళ్లు చూసుకున్నారు, మీ రుణం తీర్చుకోలేను," అని చెయ్యి కలిపాడు. ఆవిడ చెయ్యి పొద్దున్న జెర్సీలు మడత పెట్టిన చెయ్యే. "మంచు పడేట్టుంది, నెమ్మదిగా వెళ్లండి," అంది. అంతకన్నా ఒక్క ముక్క రాలేదు. ఆ మనిషి తొమ్మిది గంటల దారి తిరిగి వెళ్లిపోయాడు.

ఆదివారం చర్చి అయ్యాక కాఫీల దగ్గర ఊరంతా అదే మాట. "డయాన్‌ది మెత్తని మనసు, ఆ పిల్లని దింపకుండా ఉండాల్సింది," అని ఒకరు. "పాపం కుంటి పిల్ల, ఏం లాభం, జట్టు కొంప ముంచింది," అని ఇంకొకరు. లోర్నా చక్కెర వెయ్యని కాఫీని చెంచాతో కలుపుతూ కూర్చుంది. ఎవరో, "పద్దెనిమిదేళ్లలో నీ కాగితంలో తప్పు రాలేదు, ఈసారి ఎవరు రాశారమ్మా?" అని అడిగారు. "ఏమో," అంది లోర్నా. చూశారా, ఏమో అంది. కోచ్ మాట్లాడకు అన్నది నిజమే, అబద్ధమాడమని ఎవరు చెప్పారు? ఇంటికెళ్లి భోజనం చెయ్యలేకపోయింది. తనమీద తనకే అసహ్యం వేసింది.

సోమవారం మూడింటికి పిల్లలు ఒక్కొక్కరే కిందికొచ్చి బట్టలు అప్పజెప్పి పోతున్నారు. ఆ ఏటి ఆటలు ముగిశాక ఎప్పుడూ అంతే. అందరూ వెళ్లాక మారెన్ వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. జెర్సీని నలిగిపోకుండా మడిచి బల్ల మీద పెట్టింది.

"దీన్ని ఉతకక్కర్లేదు లోర్నా. చెమట కూడా పట్టలేదు."

లోర్నా ఆ జెర్సీ మీద చెయ్యి వేసింది, తీసింది. "మారెన్, ఆ కాగితం రాసింది నేను."

"ఈసారి మీరు కాదనుకున్నాను." మారెన్ ఆవిడ ముఖంలోకి చూసింది. "కోచ్ కదా?"

"కోచ్ సంతకం పెడుతుంది. రాసేది నేను. నీ పేరు నేనే వదిలేశాను తల్లీ. శనివారమే చెప్పాల్సింది. బ్రిన్ నిన్నన్న మాట గుమ్మంలో నిలబడి విన్నాను. మీ నాన్న నా చెయ్యి పట్టుకుంటే కూడా చెప్పలేదు."

మారెన్ జెర్సీ మడత ఒకసారి సర్దింది. తర్వాత, "మర్చిపోయారా?" అంది.

అవును, మర్చిపోయానని ఊరుకోవచ్చు. పెద్దదాన్నయ్యాను, మతిమరుపని కూడా అనొచ్చు. లోర్నా ఉన్నదున్నట్టు చెప్పింది. డ్రయ్యర్ గురించి, మడత గురించి, చేతిలో ఉన్న జెర్సీని బట్టి పేర్లు రాయడం గురించి చెప్పింది. "నీది కుప్పలో లేదమ్మా. నీ జెర్సీ ఎప్పుడూ ఉతుక్కి రాలేదు."

"అంటే చెమట పట్టినవాళ్లే మీ లెక్కలో ఉంటారన్నమాట." మారెన్ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నాలుగేళ్లు రోజూ ఈ మెట్లు దిగి వచ్చాను. మీతో కబుర్లు చెప్పాను. మీ కుక్కకి జబ్బు చేస్తే నేనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను."

"అవును."

"ఆదివారమంతా నాన్న ఫోన్ చేస్తుంటే ఎత్తలేదు నేను. తలెత్తి చూడలేనని."

లోర్నా బల్ల అంచు పట్టుకుంది. ఏం చెప్పినా తన బరువు దించుకోవడానికే చెప్పినట్టుంటుందని తోచింది. "ఇప్పుడు పైకొస్తాను. నాలుగింటికి మీటింగ్ ఉందిగా. అందరి ముందూ చెబుతాను," అంది.

"మీ ఇష్టం," అంది మారెన్.

ముప్పై ఒక్క ఏళ్లలో లోర్నా ఆ మీటింగ్ గదిలోకి తువ్వాళ్లు లేకుండా వెళ్లడం అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. పిల్లలంతా కుర్చీల్లో ఉన్నారు, కోచ్ ఏదో చెబుతోంది. లోర్నా గుమ్మం దాటి లోపలికొచ్చి, "శనివారం కాగితం నేను రాశాను," అని మొదలెట్టి ఆపకుండా చెప్పేసింది. కుప్ప సంగతి చెప్పింది, గుమ్మంలో విని పారిపోయిన సంగతి చెప్పింది, చర్చిలో ఏమో అన్న సంగతి కూడా చెప్పింది.

బ్రిన్ ముందు లోర్నాని చూసి, తర్వాత మారెన్‌ని చూసి, చూపు దించుకుంది. కోచ్ ముఖం తెల్లబోయింది.

"ఈ పిల్ల తన మీద వేసుకుందని నాకు తెలీదు లోర్నా," అంది కోచ్. "నువ్వు విన్నావు. నాకైనా చెప్పాల్సింది."

"చెప్పాల్సింది."

"రెండు రోజులు."

"అవును డయాన్. రెండు రోజులు."

ఫరవాలేదులే అని ఎవరైనా అంటారేమోనని లోర్నా లోపల ఎక్కడో ఆశపడింది, ఆశపడినందుకు మళ్లీ సిగ్గుపడింది. మారెన్ లేచి ఫోన్ తీసుకుని కారిడార్‌లోకి వెళ్లిపోయింది.

లోర్నా బయటికొచ్చేసరికి మెట్లకి అడ్డంగా మారెన్ గోడకానుకుని నిలబడి ఉంది. దాటి వెళ్లడానికి దారి లేదు, వెనక్కి వెళ్లడానికి ముఖం లేదు.

"నాన్నా," అంటోంది మారెన్. "నా వల్ల కాదు నాన్నా ఓడింది. నేనేం తప్పు చెయ్యలేదట." అని ఏడ్చేసింది. అవతల ఆయన ఏదో అంటున్నాడు, మారెన్ ఊఁ ఊఁ అంటూ వింటోంది. తర్వాత, మరి ఎవరి వల్ల అని అడిగినట్టున్నాడు. మారెన్ తలెత్తి లోర్నా వైపు చూసింది. కళ్లు తుడుచుకుంది.

"మన లోర్నాయే నాన్నా," అంది.