సొరుగులో పడిన కాగితం

రేవు ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఆవిడ ఆ రోజు తీర్చుకున్నది పగా, చేసింది ఉద్యోగమా? ఇప్పటికీ తేలని ప్రశ్నే. గాజుగొట్టం మీద పేరు రెండుసార్లు చదివితేగాని కింద పెట్టని మనిషి. కొత్త జ్వరం సంగతి పొరుగు దేశాలకు తెలపమని ఆవిడ రాసిచ్చిన కాగితాన్ని, ఓడలు ఆగిపోతాయని పెద్దడాక్టరు సొరుగులో పడేశాడు. జ్వరం ఓడెక్కి వెళ్లి, అవతలి రేవులో నర్సుగా ఉన్న ఆవిడ చెల్లెల్ని మింగింది. చివరికి ఆయన్నీ పట్టుకుంది.

"బయటికి పొక్కనీకమ్మా," అన్నాడు వణుకుతూ.

"సొరుగు నిండిపోయిందండీ," అంది.

అన్ని రేవులకూ కబురు పంపింది. అందులోని రోగుల జాబితాలో మొదటి పేరు ఆయనదే. నాలుగో రోజున మందు వచ్చింది.

"తాగండి. మా చెల్లి పోయిన ఆసుపత్రివాళ్లే పంపారు. అప్పుడే కబురందుంటే అదీ బతికేది."

సీసా మీద ఆయన పేరు రెండుసార్లు చదివి చేతిలో పెట్టి, వెళ్లొస్తానని కూడా అనకుండా వెళ్లిపోయింది.