మా తాతయ్య గీసిన దొర

నా చిన్నప్పుడు మా తాతయ్య అరుగు మీద కూర్చుని పాళీని ఇంకులో ముంచి బొమ్మలు వేసేవారు. సన్నగీత లాగేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టేవారు, పక్కన కూర్చున్న నేనూ బిగబట్టేదాన్ని. యానాంలో డ్రాయింగు మేష్టారుగా చేసి రిటైరయ్యారాయన. ఊళ్లు మింగే దొరను పద్యపద్యానా వెక్కిరించే ఒక పాత శతకాన్ని మళ్లీ అచ్చు వేస్తూ, కాకినాడ ప్రెస్సువాళ్లు ఆయన్ని బొమ్మలు అడిగారు.

అప్పట్లోనే దరియాలతిప్ప దగ్గర, జాలర్లు వలలు ఆరబెట్టుకునే ఇసుక దిబ్బకి ఒక పెద్దమనిషి కంచె వేయించబోతున్నాడు. అర్జీలు పెట్టి విసిగిపోయిన జాలర్లు తాతయ్యతో చెప్పుకుని బాధపడేవారు. తాతయ్య శతకంలోని దొరకి ఆ పెద్దమనిషి మొహమే పెట్టారు. అవే మెడ మడతలు, అవే ఉంగరాల వేళ్లు. ఊరంతా చాపలా చుట్టి చంకలో పెట్టుకున్నట్టు వేశారు.

"పుస్తకం బయటికొస్తే తలెత్తుకోలేడే అమ్మడూ. కంచె మాట మళ్లీ ఎత్తడు" అన్నారు. నేను నమ్మాను. జాలర్లూ నమ్మారు.

పుస్తకం వచ్చాక ఒక పొద్దున్న ఆ పెద్దమనిషే మా ఇంటికి వచ్చాడు. తిడతాడనుకుని తలుపు వెనక నక్కాను. ఆయన మొహం వెలిగిపోతోంది.

"అచ్చం నన్నే దింపేశారండి మేష్టారూ. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వేమండి. అసలు బొమ్మ ప్రెస్సు నుంచి తెప్పించి, ఫ్రేము కట్టించి హాల్లో పెట్టేనండి" అంటూ శాలువా విప్పి తాతయ్య భుజాల మీద కప్పాడు.

శాలువా కప్పినవాళ్లకి దండం పెట్టడం మనకి అలవాటు. తాతయ్య చేతులు వాటంతటవే లేచాయి. వీధిలో వలలు మోసుకుపోతున్న జాలర్లు ఆగి చూశారు. మర్నాడే దిబ్బ చుట్టూ కంచె పడింది. వాళ్లు మళ్లీ మా అరుగు ఎక్కలేదు.

"సిగ్గున్నోడికేనే అమ్మడూ నా గీత తగిలేది" అన్నారు తాతయ్య ఆ సాయంత్రం. ఆ తర్వాత ఆయన పాళీ పట్టగా నేను చూడలేదు. సీసాలో ఇంకు ఎండిపోయింది.

ఆ దిబ్బ మీద ఇప్పుడు ఆ పెద్దమనిషి వాళ్ల పెద్ద మేడ ఉంది. ఆ బొమ్మ పాత ఇంటి నుంచి దాని హాల్లోకి మారింది. ఒక్క గీత కూడా వెలిసిపోలేదు. చూసినవాళ్లంతా నవ్వుతారు.

నేనూ పత్రికలకి బొమ్మలు వేస్తూనే ముసలిదాన్నయ్యాను. ఎప్పుడైనా సభలో ఎవరో శాలువా కప్పుతారు. కప్పుతున్నది ఎవరో చూసి మరీ దండం పెట్టాలని ప్రతిసారీ అనుకుంటాను. చూసేలోపే నా చేతులు లేచిపోతాయి.