సారు చేతిలో స్ప్రింగు

మా సారు పోయారన్న కబురు నాకు తుర్కపల్లిలో అందింది. ల్యాబు గేటు ముందు కారు ఆపుకుని, సీటు వెనక్కి వాల్చి కునుకు తీస్తున్నాను. ఫోన్ చేసింది మా కాలనీ వాచ్‌మన్. "అన్నా, సారు సచ్చిపోయిండే" అన్నాడు. "నాతోనే తమాషానా రా? గీ ఇద్దెలన్నీ నీకు నేర్పిందే నేను" అని తిట్టాను. వాడు ఏడ్చాడు. ఊరందర్నీ ఉత్తుత్తి కబుర్లతో పరుగులు పెట్టించినవాణ్ణి. నిజమైన కబురు వచ్చినప్పుడు నమ్మడానికి నాకే అంతసేపు పట్టింది.

సారంటే బడిపంతులు కాదు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి, తూంకుంటలో ప్లాట్లు పడుతున్న తొలి రోజుల్లోనే ఇల్లు కట్టుకున్న మనిషి. మాది శామీర్‌పేట, చేపలు పట్టే ఇల్లు. పదో తరగతి రెండుసార్లు తప్పి, స్టీరింగు పట్టుకుని, వాళ్ల పక్కింట్లో అద్దెకు దిగాను. దిగిన వారానికే రెండిళ్ల గేట్లకున్న పేరుపలకలు మార్చేసి పాలవాణ్ణి పిచ్చివాణ్ణి చేశాను. నేనెలాంటివాణ్ణో మీకు తెలియాలని చెబుతున్నాను, గొప్పకి కాదు.

ఆదివారం వస్తే సారు ఖాకీ నిక్కరు, నల్ల బూట్లు వేసుకుని, కళ్లద్దాలకు దారం కట్టుకుని, ఇంటి వెనక వాకిట్లో తన కారు విప్పేవారు. కారు కిందికి వెళ్లేముందు ఎవరూ బండి కదపకుండా తాళంచెవి భార్య చేతికిచ్చేవారు, అమ్మగారు దాన్ని కొంగుకు ముడేసుకునేది. విప్పిన నట్లను కోడిగుడ్ల అట్టలో వరసగా పెట్టుకునేవారు. ఒకసారి చప్పుడు చేయకుండా ఒక నట్టు కొట్టేశాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "మూడో గుంటలోది నీ జేబులో ఉంది, పెట్టెయ్యవయ్యా" అన్నారు. ఆ రోజు నుంచి ఈయన్ని ఎలాగైనా ఒక్కసారి ఉలిక్కిపడేలా చేయాలని నాకు పంతం పట్టుకుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేనొక పాత చిన్న కారు కొని ల్యాబులకు తిప్పడం మొదలుపెట్టాను. ఒకరోజు గుంతలో పడి ముందు ఎడమ స్ప్రింగు విరిగింది. కారు పన్నునొప్పి మనిషిలా ఒక చెంప వాల్చేసింది.

"మేడ్చల్ల మా దోస్తున్నడు సారూ. తాడు గట్టి, కాలుతోని తొక్కిపట్టి ఇప్పుతడు. గంటల పనైపోతది" అన్నాను.

"తాడా?" అన్నారు సారు. "ఆదివారం దాకా ఆగు. మా వాకిట్లో పెట్టు. రెండు స్ప్రింగులు తెచ్చుకో" అన్నారు.

"ఇరిగింది ఒక్కటే గద సారూ?"

"ముసలెద్దునీ కోడెనీ ఒకే కాడికి కడతావటయ్యా?"

ఆదివారం నా పెళ్లాం, వాచ్‌మన్ కూడా వాకిట్లోకి వచ్చారు. పని చూస్తుంటే పూజ చూస్తున్నట్టుంది. వెనక చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు. ముందు జాకీతో ఎత్తి, రెండు పక్కలా ఇనప స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దించారు. "జాకీ ఎత్తడానికేనయ్యా, మొయ్యడానికి కాదు" అన్నారు. విప్పిన చక్రాన్ని కూడా ఊరికే ఉంచక కారు కిందికి తోశారు, ఖర్మకాలి స్టాండు జారినా కారు దాని మీద పడేటట్టు. మనిషి కన్నా చక్రం చవక అన్నారు.

కొత్త స్ప్రింగు పొడుగ్గా ఉంటుంది. అది తన చోట్లో కూర్చోవాలంటే నొక్కి పొట్టి చేయాలి. దానికి రెండు మరల కడ్డీలుంటాయి, కొసల్లో కొక్కేలు. అటొకటి ఇటొకటి తగిలించి బిగించాలి. సారు ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు, పైకి లెక్కపెడుతూ బిగించారు. ఒక పక్కే బిగిస్తే స్ప్రింగు వంకర తిరిగి, కొక్కెం జారి, తూటాలా ఎగురుతుందట. బిగిసేకొద్దీ అది కిర్రుమంది. నా కారు ముందు భాగం బరువంతా ఆ జానెడు ఇనుములో ముడుచుకుని కూర్చుంది.

"దీని కొసలకి ఎదురుగా ఎవరూ నిలబడొద్దు" అని చెప్పి, దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని గోడవారనున్న పనిబల్లవైపు అడుగులు వేశారు. ఆయన ముఖం నాకు బాగా కనబడాలి గనక సరిగ్గా ఎదురుగానే వెళ్లి నిలబడ్డాను. నిలబడి అరిచాను.

"పాము! సారూ, మీ కాళ్ల కాడ పాము!"

నా పెళ్లాం కేకేసి మెట్లెక్కింది. వాచ్‌మన్ గోడెక్కాడు. సారు కదల్లేదు. నిక్కరు కింద బోసి పిక్కలు. పక్కనే పొదలు, మా వైపు పాములకు కరువు లేదు. ఆయన నమ్మారు. ముఖం తెల్లబడింది, చేతులు మాత్రం ఒణకలేదు. కింద చూసుకోనైనా చూసుకోలేదు. నన్ను చూశారు.

"నువ్వు పక్కకి జరుగు" అన్నారు మెల్లగా.

ఒక్క అడుగు జరిగాను.

"ఎడమకి. ఇంకా. ఆఁ, చాలు."

అప్పుడు నాలుగడుగులు, అదే నడక, నడిచి, బల్ల మీది గోనెసంచిపై ఆ స్ప్రింగును పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టారు. దాని కొస గోడవైపు తిప్పారు. ఆ తర్వాత కాళ్ల దగ్గర చూసుకున్నారు.

"పాము లేదు సారూ. ఊకనే అన్న" అన్నాను.

నా పెళ్లాం మెట్ల మీంచే అందుకుంది. "గా సారుతోని గూడ గీ ఆటలేంది? నీకు సిగ్గూ శరం లేదా?"

సారు తిట్టలేదు. కుర్చీలో కూలబడ్డారు. "పాము కరిస్తే నువ్వు నన్ను ఆస్పత్రికి తీసుకెళ్దువుగాని. ఇది జారి నీకు తగిలితే నిన్ను నేనెక్కడికి తీసుకెళ్లాలయ్యా?" అన్నారు.

నన్ను చాలామంది కొట్టారు, తిట్టారు. ఏదీ అంత లోపలికి దిగలేదు. కాటు పడుతుందని నమ్మిన మనిషి, ఆ కబురు తెచ్చిన వెధవను ముందు పక్కకు జరిపాడు.

మంచినీళ్లు తాగాక స్పానరు నా చేతిలో పెట్టారు. "కుడిది నువ్వే చెయ్యి." నేను బిగించాను, ఆయన లెక్కపెట్టారు. నా చేయి ఎన్నిసార్లు ఆగిందో, అన్నిసార్లు ఆయనా ఆగారు. సాయంత్రానికి స్ప్రింగులు రెండూ ఎక్కాయి, చక్రాలు నేలనానాయి. ఒక నట్టు చూడమని నన్ను వంగమన్నారు. వంగాను. చెవిలో "పాము!" అన్నారు. గంతేసి తల బంపరుకు కొట్టుకున్నాను. అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఎత్తిన బరువు దించాక ఎన్ని పరాచికాలైనా ఆడుకోవయ్యా" అన్నారు సారు.

ఆ తర్వాత తుర్కపల్లి దారిలో తిరిగే డ్రైవర్లు ఎంతమంది ఆయన వాకిట్లో పని నేర్చుకున్నారో చెప్పలేను. తాడు మాటెత్తితే ఇప్పుడు నేనే తిడతాను. నోరెటూ ఉంది కదా, అది ఒకదానికైనా పనికొస్తోంది.

కబురు విని ఆ మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఇంటినిండా జనం. అమ్మగారు నన్ను చూసి, "షామియానా వెయ్యడానికి కారు అడ్డంగా ఉందంటున్నారు బాబూ. పొద్దున విప్పారు. నువ్వు తప్ప ఎవరూ ముట్టుకోవద్దన్నాను" అంది. కాసేపటికి తనే చెప్పింది. "ఎడమ చెయ్యి లాగుతోందన్నారు. వచ్చి పడుకోండి, డాక్టరుకి ఫోన్ చేస్తానన్నాను. పనమ్మాయి బట్టలారెయ్యడానికి వస్తుంది, బిగించిన స్ప్రింగు అలా వదిలేసి రాలేను, పది నిమిషాలన్నారు. వచ్చి మంచినీళ్లడిగారు. అంతే."

వెనక వాకిట్లోకి వెళ్లాను. కారు స్టాండ్ల మీద ఉంది. బల్ల మీద గోనెసంచి, దానిపై స్ప్రింగు. బిగింపంతా విప్పేసి ఉంది. ఇటు రెండు, అటు రెండు, నొప్పి పెడుతున్న చేత్తో, చివరి చుట్టు దాకా. కడ్డీలు రెండూ తుడిచి పక్కపక్కన పెట్టి ఉన్నాయి. బల్లకు బారెడు దూరంలో తీగ మీద పొద్దున ఆరేసిన బట్టలు, ఎప్పుడో ఎండిపోయి, తీసేవాళ్లు లేక గాలికి ఊగుతున్నాయి.